దాతలు అక్కరలేని రోజు ఇంకా దూరమే

ప్రయోగశాలలో పెంచే ఎర్ర రక్తకణాల గురించిన వ్యాసం బాగుంది గానీ, ‘ఇక రక్తదాతలతో పని లేదు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. గుంటూరులో బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌ని. మే నెలలో కాలేజీలకు సెలవులిస్తే శిబిరాలు తగ్గి మా ఫ్రిజ్ అరలు బోసిపోతాయి. 2022లో బ్రిటన్‌లో ఒకరి మూలకణాల నుంచి పెంచి మరొకరికి తొలిసారి ఎక్కించింది ఒకటి రెండు చెంచాలే. ఆ మూలకణాలూ దాతలు ఇచ్చినవే! ఒక సంచికి సుమారు 2 లక్షల కోట్ల కణాలు కావాలి మరి.

నాకు ఆశ కలిగించేది జన్యువుల మార్పు. మా దగ్గరికి తలసేమియా (తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే జన్యు వ్యాధి) ఉన్న బాబు మూడు వారాలకోసారి వస్తాడు. ఎక్కించగా ఎక్కించగా ఒంట్లో ఎదుటివారి రక్తకణాలను ఎదిరించే యాంటీబాడీలు పుట్టాయి. గ్రూపు కలిసిన సంచే అయినా, పరీక్షిస్తే గాజు గొట్టం అడుగున కణాలు విరిగిన పాలలా ముద్దకడతాయి. ఇంకో సంచి, ఇంకోటి... వాళ్ల అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు 2018లోనే క్రిస్పర్ అనే జన్యువుల కత్తెరతో, ప్రయోగశాలలో పెంచే ఒకే కణశ్రేణిలో ఐదు బ్లడ్ గ్రూపు వ్యవస్థల జన్యువులను పనిచేయకుండా చేశారు. ఆ గ్రూపుల గుర్తులు లేని కణాలను వాటిపై పుట్టిన యాంటీబాడీలు పట్టుకోలేవు. పక్వమైన ఎర్రకణానికి కేంద్రకం ఉండదు కాబట్టి ఆ మార్పు రోగి జన్యువుల జోలికి పోదు. దీని గురించి వ్యాసంలో ఒక్క వాక్యమైనా రాయవలసింది.