డబ్ల్యూ క్లాస్ వట్టి టూరిస్టు బండి కాదు

మెల్‌బోర్న్‌లో పట్టాల మీద నడిచే పాతకాలపు డబ్ల్యూ క్లాస్ ట్రామ్‌లు ఫొటోలకు తప్ప పనికిరావని, రోజువారీ రూట్లలో కొత్త బండ్లే రావాలని మీ వ్యాసంలో రాశారు. అంత తేలిగ్గా తీసేయకండి. 1923 నుంచి 1956 దాకా 750కి పైగా కట్టారు, దశాబ్దాల పాటు ఊరిని మోసింది అవే. చాపెల్ స్ట్రీట్ మీదుగా వెళ్ళే 78వ రూటులో 2014 వరకూ మామూలు ప్రయాణికుల కోసమే తిరిగాయి.

మొదటి తరం బండ్లలో మధ్య భాగంలో నేల కిందికి ఉండేది, ఎక్కడం దిగడం చకచకా అయ్యేది. పాత బెంగళూరు సిటీ బస్సు ఎక్కినవాళ్ళకు ఆ తోపులాటలో దాని విలువ ఏమిటో చెప్పక్కర్లేదు. తలుపులు జరిపి మూసే రకం తర్వాత వచ్చింది. రెండు వైపులా డ్రైవర్ గది ఉంటుంది కాబట్టి చివరి స్టాపులో బండిని తిప్పే పనే లేదు, డ్రైవర్ బండి నడిపే హ్యాండిల్ పీకి చేత్తో పట్టుకుని అవతలి కొసకు నడిచి వెళ్తాడు.

ఊరి నడిబొడ్డు చుట్టూ తిరిగే సిటీ సర్కిల్ 35వ నంబర్ రూటులో ఇప్పుడు తిరిగేవి ఈ పాత బండ్లనే బాగుచేసిన డబ్ల్యూ8 రకం, టికెట్ లేదు. మా అత్తయ్య ఇక్కడికి వచ్చినప్పుడు ఆ మెట్లు చూసే టెన్షన్ పడింది, మోకాళ్ళ నొప్పి మరి. వీల్‌చెయిర్‌తో అయితే ఎక్కడం కుదరదు. అందుకే రోజువారీ రూట్లలో నేల దిగువన ఉండే కొత్త రకం ‘E’ క్లాస్ బండ్లు రావడమే న్యాయం, ఆ మాటలో మీతో ఏకీభవిస్తాను. మెల్‌బోర్న్ శివారు డ్యాండెనాంగ్‌లో కట్టిన ఆ 33 మీటర్ల బండిలోకి పిల్లాణ్ణి స్ట్రోలర్‌లో తోసుకుంటూ కూడా హాయిగా ఎక్కొచ్చు.

పనికిరాని బండ్లే అయితే శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు తెప్పించుకుని మార్కెట్ స్ట్రీట్ మీద ఎందుకు నడిపారంటారు?