సోయా పాల డబ్బా: బెంగ పడాల్సింది పసిబిడ్డ గురించి

సోయాతో చేసే మీల్ మేకర్ తింటే మగతనం తగ్గుతుందన్న మాట వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. కర్నూలు నుంచి కడప దాకా దాన్ని నమ్మి కూరలో ముక్కలు ఏరి పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. సోయా వల్ల మగవాళ్లలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గదని 2010లో, మళ్లీ 2021లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. మనం టెన్షన్ పడాల్సింది తల్లిపాలకు బదులు డబ్బా పొడితో కలిపిన సోయా పాలు సీసాతో తాగే నెలల బిడ్డ గురించి.

సోయాలో జెనిస్టీన్, డైడ్జీన్ అనే పదార్థాలున్నాయి. ఇవి మన ఒంట్లోని ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌లా పనిచేయగలవు, దానికంటే చాలా బలహీనంగా. పెద్దవాళ్లు ఒక పూట మీల్ మేకర్ తింటే మరో పూట సంకటి తింటారు. పసిబిడ్డకు పొద్దున్నుంచి రాత్రి దాకా అదొక్కటే ఆహారం. అలా సోయా పాల మీదే పెరిగే బిడ్డల రక్తంలో ఈ పదార్థాలు వాళ్ల సొంత ఈస్ట్రోజన్ కంటే 13,000 నుంచి 22,000 రెట్లు ఎక్కువగా ఉన్నాయని 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎంత బలహీనమైనదైనా అన్ని వేల రెట్లు చేరితే చిన్న విషయం కాదు.

మొక్కలు ఇంత పని చేస్తాయా అనేవాళ్లకు అనంతపురం గొర్రెల కాపరులే జవాబు చెప్పగలరు, మేత తేడా చేస్తే మంద ఏమవుతుందో వాళ్లకు తెలుసు. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో క్లోవర్ అనే పప్పుజాతి పచ్చిమేత మీద వదిలిన గొర్రెలకు చూలు నిలవలేదు, ఈతలు పడిపోయాయి. కారణం ఆ మేతలోని ఈస్ట్రోజన్ లాంటి పదార్థమే. అవి ఎదిగిన గొర్రెలు. పుట్టిన తొలి 5 రోజులు జెనిస్టీన్ ఇచ్చిన ఆడ చిట్టెలుకలైతే పెద్దయ్యాక రుతుక్రమం తప్పాయి, మోతాదు ఎక్కువైనవి పిల్లల్నే కనలేదు. ఆ 5 రోజుల తర్వాత వాటికి ఇచ్చిందేమీ లేదు, అయినా దెబ్బ జీవితాంతం మిగిలింది. నన్ను ఆగి ఆలోచించేలా చేసిన విషయం ఇదే. ఇంకా ఎదగని మగ ఎలుకల్లో తక్కువ మోతాదు జెనిస్టీన్ కొవ్వును పెంచింది, ఎక్కువ మోతాదు తగ్గించింది. అంటే ‘కొంచెమేగా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఇక పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డలకు సోయా పాలు పడితే మందు మోతాదు పెంచాల్సి వస్తుందన్నది డాక్టర్లందరికీ తెలిసిందే.

ఎలుకలు మనుషులు కావని అంటారు, నిజమే. పసితనంలో ఈ పాలు తాగినవాళ్లతో సహా 811 మందిని పెద్దయ్యాక పరిశీలించి 2001లో పెద్ద తేడాలేమీ లేవన్నారు. అదే పరిశీలనలో సోయా తాగిన ఆడవాళ్లకు నెలసరి కాస్త ఎక్కువ సేపు, ఎక్కువ నొప్పితో వచ్చిందని కూడా ఉంది. 2010లో అమెరికా నిపుణులు సోయా పాలతో బిడ్డకు ఉండే ముప్పును ‘కనిష్ఠ ఆందోళన’ అన్నారు. వాళ్ల కొలమానంలో దానికంటే కింద ఇంకో మెట్టు ఉంది, అక్కడ పెట్టలేదు. పాలలోని చక్కెరను ఒళ్లు అరిగించుకోలేని గెలాక్టోసీమియా లాంటి అరుదైన జబ్బుంటే సోయా పాలు ప్రాణం నిలుపుతాయి, కాదనను. విరేచనాలైన ప్రతి బిడ్డకూ ‘పాలు పడలేదు’ అని సోయా డబ్బా రాయడం మాత్రం తప్పు. విరేచనాలప్పుడూ తల్లిపాలు ఆపొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అసలు ఇంట్లోకి డబ్బా ఎందుకొస్తోంది? పోతపాలకు ప్రకటనలివ్వడం 1992 చట్టం ప్రకారమే నేరం. కానీ ఆదోని, కోసిగి పల్లెల నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే తల్లిని ఆ చట్టం ఇంట్లో ఉంచలేదు. బిడ్డ అవ్వ దగ్గర, సీసా పాల మీద పెరుగుతుంది. ఆ సీసాతోనే విరేచనాలు, విరేచనాలతో మందుల షాపు, అక్కడి నుంచి సోయా డబ్బా. ఆఫీసులో పనిచేసే తల్లికి 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవుంది, అంటే తల్లిపాలు మాత్రమే పట్టాలని చెప్పే ఆరు నెలలు. కూలి తల్లికి కేంద్ర పథకం మాతృ వందన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు, అదీ విడతల్లో. ఆరు నెలలకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా పడదు. అంగన్‌వాడీ గోడల మీద తల్లిపాల బొమ్మలు వేయించే ప్రభుత్వం ఆ ఆరు నెలల కూలిని పూర్తిగా ఆ తల్లి ఖాతాలో వేయాలి. సుగ్గి మొదలయ్యేలోపు వేయాలి, బండెక్కాక కాదు.