3 నిమిషాలు ఆలస్యమైందని ఆ జపాన్ మంత్రి రాజీనామా చేయలేదు

వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ ఇది: "జపాన్‌లో ఒక మంత్రి పార్లమెంటుకు 3 నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. సభ 5 గంటలు ఆగిపోయింది. ఆయన క్షమాపణ చెప్పి పదవి వదిలేశాడు. అదీ క్రమశిక్షణ. మనవాళ్లూ ఉన్నారు, ఎందుకు!" కింద దండం పెట్టే బొమ్మలు.

3 నిమిషాలు నిజమే, 5 గంటలూ నిజమే, క్షమాపణా నిజమే. ఆ మంత్రి పేరు సకురదా యోషితకా. 2018 అక్టోబరు 2న అప్పటి ప్రధాని షింజో అబే తన మంత్రివర్గాన్ని మార్చినప్పుడు టోక్యో ఒలింపిక్స్ బాధ్యత, సైబర్ భద్రత బాధ్యత ఈయనకు అప్పగించారు. తక్కిన కథే తప్పు.

"ఆలస్యానికి పదవి వదిలేశాడు" అన్న మాటకు తేదీలు చూస్తే చాలు. ఆలస్యంగా వచ్చింది 2019 ఫిబ్రవరి 21న. రాజీనామా చేసింది ఏప్రిల్ 10న. నడుమ 48 రోజులు ఆయన మంత్రిగానే ఉన్నారు. రాజీనామాకు కారణం వేరే, దాని దగ్గరికి వద్దాం.

"సభ 5 గంటలు ఆగింది, సమయమంటే వాళ్లకు అంత గౌరవం" అన్నది రెండో మాట. ఆగింది సభ కాదు, ప్రతినిధుల సభ (అంటే దిగువ సభ) బడ్జెట్ కమిటీ. ఆపింది విపక్షం, వాళ్లు లెక్క చూసుకునే ఆపారు. జపాన్ ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ 1న మొదలవుతుంది. రాజ్యాంగం 60వ అధికరణ ప్రకారం ప్రతినిధుల సభ ఆమోదించిన బడ్జెట్‌పై ఎగువ సభ 30 రోజుల్లో ఏమీ తేల్చకపోతే, దిగువ సభ నిర్ణయమే చెల్లుతుంది. వెనక్కి లెక్కేయండి. మార్చి 31లోపు బడ్జెట్ గట్టెక్కుతుందని ప్రభుత్వం నిశ్చింతగా ఉండాలంటే మార్చి 2కల్లా దిగువ సభ దాటించాలి. అందుకే ఫిబ్రవరి చివరి వారంలో ఆ కమిటీలో ఒక్కో గంటకూ విలువ ఎక్కువ. సంఖ్యాబలం లేని విపక్షానికి చేతిలో ఉన్న ఆయుధం గడియారమే. మంత్రి సమయానికి రాకపోవడం వాళ్లకు అందివచ్చిన అవకాశం. 3 నిమిషాల్ని 5 గంటలు చేశారు. ఆ ఏడు బడ్జెట్ దిగువ సభలో గట్టెక్కింది సరిగ్గా మార్చి 2న, అదీ తెల్లవారకముందే. జపాన్ చరిత్రలో తొలిసారి 100 లక్షల కోట్ల యెన్లు దాటిన వార్షిక బడ్జెట్ అది.

అయితే విపక్షం ఈయన మీదే ఎందుకు పడింది? అప్పటికే ఈయన తప్పుల ఖాతా నిండి ఉంది. 2018 నవంబరు 5న ఎగువ సభ బడ్జెట్ కమిటీలో రెన్‌హో అనే విపక్ష సభ్యురాలు ఒలింపిక్స్‌కు కేంద్రం పెట్టే ఖర్చెంత అని అడిగారు. సకురదా జవాబు: 1500 యెన్లు. ఒక పూట భోజనం డబ్బు! చెప్పాల్సింది "1500 ఒకు" యెన్లు. జపనీస్ లెక్కలో ఒక ఒకు అంటే మన పది కోట్లు. అంటే 15,000 కోట్ల యెన్లు. ఆ ఒక్క మాట జారిపోయి, అంత మొత్తమూ బస్సు చార్జీల స్థాయికి దిగింది. అదే పూట ప్రశ్న అడిగినావిడ పేరునూ "రెన్‌పో" అని పలికారు. ఆలస్యానికి తొమ్మిది రోజుల ముందే ఇంకొకటి: ఈత క్రీడాకారిణి ఇకేఎ రికాకో తనకు లుకేమియా (రక్త క్యాన్సర్) అని ఫిబ్రవరి 12న ప్రకటిస్తే, పతకం వస్తుందనుకున్న అమ్మాయి, నిరాశగా ఉందన్న ధోరణిలో సకురదా మాట్లాడారు. మర్నాడే వెనక్కి తీసుకున్నారు. అసాహి పత్రిక సర్వేలో 65 శాతం మంది ఈయన పదవికి తగడన్నారు. 3 నిమిషాలు వీటన్నిటి మీద పడ్డ ఆఖరి చుక్క.

ఇక అసలు రాజీనామా. ఏప్రిల్ 10 సాయంత్రం టోక్యోలో తకహషి హినాకో అనే సొంత పార్టీ ఎంపీ కోసం జరిగిన విందులో, సునామీ ప్రాంతాల పునర్నిర్మాణం కంటే తకహషిగారే ముఖ్యమని అర్థం వచ్చేలా అన్నారు. ఆమెది ఇవాతె రాష్ట్రం, 2011 సునామీ తుడిచిపెట్టిన తీరాల్లో ఒకటి. టోక్యో ఒలింపిక్స్‌ను ప్రభుత్వం ప్రచారం చేసుకున్నదే "పునర్నిర్మాణ ఒలింపిక్స్" అని. దాని మంత్రి నోట ఆ మాట వస్తే ఇంకేం మిగులుతుంది? ఆ రాత్రికే తప్పుకున్నారు. అంత తొందరకు మరో కారణమూ ఉంది. ఐదు రోజుల ముందే త్సుకదా ఇచిరో అనే ఉపమంత్రి మరో నోటిజారుడుకు రాజీనామా చేశారు. ఏప్రిల్ 21న ఉప ఎన్నికలు, జులైలో ఎగువ సభ ఎన్నికలు. ఒలింపిక్స్ బాధ్యత తిరిగి పాత మంత్రి సుజుకి షునిచికే వెళ్లింది, ఆయనదీ ఇవాతెయే.

"అంత నిబద్ధత ఉన్నవాళ్లే అక్కడ మంత్రులవుతారు" అన్నది మరీ అమాయకం. సకురదా చిబా రాష్ట్రం కషివాకు చెందినవారు, నిర్మాణ వ్యాపారి. నగర కౌన్సిలు, రాష్ట్ర శాసనసభ మెట్లెక్కి 1996లో ఎంపీ అయ్యారు. 2009లో ఓడి 2012లో మళ్లీ గెలిచారు. మంత్రి అయ్యేనాటికి ఏడుసార్లు నెగ్గారు. అధికార లిబరల్ డెమోక్రటిక్ పార్టీలో అన్నిసార్లు గెలిచి మంత్రి పదవి దక్కనివాళ్లు వరుసలో ఉంటారు. వంతు కోసం పార్టీలోని వాళ్ల వర్గం ఒత్తిడి పెట్టేది. ఈయనది అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి నికాయ్ తోషిహిరో వర్గం. ఆ మార్పుల్లో 19 మంది మంత్రుల్లో 12 మంది తొలిసారి పదవి అందుకున్నవాళ్లే. ఈ బేరం మనకు కొత్తా?

దీనికి తోక మెసేజ్ ఇంకొకటి: "జపాన్ సైబర్ భద్రతంతా కంప్యూటర్ ముట్టని మనిషి చేతిలో ఉంది". ముట్టకపోవడం నిజం. 25 ఏళ్ల వయసు నుంచీ తాను చెబితే సిబ్బందే చేస్తారని 2018 నవంబరు 14న కమిటీలో ఆయనే అన్నారు. అణు విద్యుత్ కేంద్రాల్లో యుఎస్‌బీ గురించి అడిగితే జవాబు తడబడింది. నెట్‌కు కలపని యంత్రాల్లోకి వైరస్ దూరే దారి ఆ యుఎస్‌బీయే, కాబట్టి నవ్వి వదిలేసే ప్రశ్న కాదది. కానీ అప్పట్లో రోజువారీ కాపలా కేబినెట్ సచివాలయం కింది ప్రత్యేక కేంద్రానిది. సైబర్ భద్రత వ్యూహ మండలికి అప్పటి అధ్యక్షుడు చీఫ్ కేబినెట్ సెక్రటరీ అనే సీనియర్ మంత్రి, ఈయన ఉపాధ్యక్షుడు మాత్రమే.

కొన్ని మెసేజ్‌లలో రైలు క్షమాపణనూ మంత్రికే అంటగడుతున్నారు. 2017 నవంబరు 14న మినామి నగరెయామా స్టేషన్‌లో 9:44:40కి కదలాల్సిన త్సుకుబా ఎక్స్‌ప్రెస్ 9:44:20కే కదిలింది. ఆలస్యం కాదు, 20 సెకన్లు ముందు. క్షమాపణ చెప్పింది రైలు కంపెనీ.

రాజీనామా తర్వాత సకురదా ఇంటికేమీ వెళ్లలేదు, ఎంపీగానే ఉన్నారు. 2021లో చిబా 8వ నియోజకవర్గంలో ఓడిపోయారు. అయినా పార్టీకి పడ్డ ఓట్ల లెక్కన సీట్లిచ్చే దామాషా జాబితాలోనూ పేరు ఉండటంతో ఎనిమిదోసారి సభలోకి వచ్చారు.