పగ కథతో మెగాఫోన్ పట్టిన నటుడు

నటుడు తొలిసారి మెగాఫోన్ పట్టినప్పుడు తరచూ ఒక పగ కథనే ఎంచుకుంటున్నాడు. లండన్‌లో పుట్టి పెరిగిన భారత సంతతి నటుడు దేవ్ పటేల్ 2024లో ‘మంకీ మ్యాన్’తో దర్శకుడయ్యాడు. అదే ఏడాది అక్టోబరులో మలయాళ నటుడు జోజు జార్జ్ ‘పణి’తో దర్శకుడయ్యాడు. రెండూ ప్రతీకార కథలే. రెండింటిలోనూ దర్శకుడే హీరో. హైదరాబాద్‌లో కూడా ఇలాంటి కథలు పట్టుకుని నిర్మాతల ఆఫీసుల చుట్టూ తిరిగే నటులకు కొదవ లేదు. అందుకే ఈ ఎంపిక గురించి కాస్త లోతుగా మాట్లాడుకోవాలి.

వ్యాపార కారణం తేలిగ్గానే తెలుస్తుంది. యాక్షన్ సినిమా ఏ భాషలోకైనా సులువుగా వెళ్తుంది. డబ్బింగ్ హక్కులు, ఓటీటీ హక్కులు త్వరగా అమ్ముడవుతాయి. నాకు ముఖ్యమనిపించేది మరో కారణం. పగ కథకు వెన్నెముక ముందే సిద్ధంగా ఉంటుంది. ఒక అన్యాయం, ఒక ఎదురుచూపు, చివర లెక్క తేల్చడం. కథనం మీద ఇంకా పట్టు చిక్కని కొత్త దర్శకుడికి అది పెద్ద ఆసరా. పైగా నటుడు ఫైట్ మాస్టర్ల దగ్గర ఏళ్ల తరబడి ఒళ్లు అలవాటు చేసుకుని ఉంటాడు. ఫైట్ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అతనికి తెలుసు.

ఆ ధైర్యమే అతన్ని మోసం చేస్తుంది. పగ కథ నటుడికి ఎంత అనువైనదో దర్శకుడికి అంత కఠినమైనది. చనిపోయిన మనిషి మీద ప్రేక్షకుడికి ప్రేమ కలగాలంటే ఆ మనిషికి తెర మీద సమయం ఇవ్వాలి. విలన్ అంటే భయం పుట్టాలంటే అతనికీ ఇవ్వాలి. హీరో ఓడిపోయే ఘట్టం గుండెకు తగలాలంటే అక్కడ కొంతసేపు నిలబడాలి. ఈ నిమిషాలన్నీ హీరో వాటాలోంచే తీయాలి. అంటే దర్శకుడు తన వాటాను తానే తగ్గించుకోవాలి. మొదటి సినిమాలో నటుడికి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

‘మంకీ మ్యాన్’ ఈ పరీక్షలో చాలావరకు నెగ్గిందని నా అభిప్రాయం. అందులో హీరోకు పేరు లేదు, ‘కిడ్’ అంతే. కోతి ముసుగు వేసుకుని చీకటి క్లబ్బులో డబ్బు కోసం దెబ్బలు తింటాడు. గెలవడానికి కాదు, ఓడిపోవడానికే అతనికి డబ్బిస్తారు. తన తల్లిని చంపిన పోలీసు అధికారి మీద అతను చేసిన మొదటి దాడి విఫలమవుతుంది. అదీ మామూలుగా కాదు, బాత్రూమ్‌లో కిందామీదా పడి, చేతికి దొరికిన వస్తువుతో కొట్టి, చివరికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతాడు. హీరోను ఇలా తడబడేలా చూపడానికి మన దర్శకులే వెనుకాడతారు. ఇక్కడ ఆ హీరోయే దర్శకుడు. గాయపడిన అతన్ని ఒక గుడిలో హిజ్రాలు కాపాడతారు. వాళ్ల పెద్దగా విపిన్ శర్మ నటన, తబలా మీద జాకిర్ హుస్సేన్ వేళ్లు, ఆ లయకు తగ్గట్టు హీరో సంచిని గుద్దుతూ సాధన చేయడం ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. ఆ కాసేపు దర్శకుడి దృష్టి తన మీద నుంచి మళ్లి చుట్టూ ఉన్న మనుషుల మీద పడింది.

ఈ సినిమా తయారైన తీరు కూడా తెలుసుకోదగ్గదే. మొదట భారత్‌లో తీయాలనుకున్నారు. కోవిడ్ వల్ల కుదరక ఇండోనేషియాలోని బాటమ్ దీవిలో తీశారు. షూటింగ్ మొదట్లోనే దేవ్ పటేల్ చెయ్యి విరిగింది. అయినా ఆపలేదు. మొదట హక్కులు కొన్న నెట్‌ఫ్లిక్స్ దగ్గర సినిమా ఆగిపోతే హాలీవుడ్ దర్శకుడు జోర్డన్ పీల్ చూసి యూనివర్సల్ సంస్థ ద్వారా థియేటర్లకు తెచ్చాడు. 2024 ఏప్రిల్ 5న అమెరికాలో విడుదలైంది. మన థియేటర్లకు మాత్రం రాలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. ఆ ఏడాది సంక్రాంతికి హైదరాబాద్ నుంచే ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ వచ్చి దేశమంతా ఆడింది. అదే హనుమంతుడి కథ వింటూ పెరిగిన ఒక ప్రవాస కుటుంబపు కుర్రాడు, దాన్ని తన కోపంతో కలిపి ఎలా చెప్పాడో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ప్రేక్షకుడు పెద్ద తెర మీద చూసి తేల్చుకోవాల్సింది.

లోపాలు లేకపోలేదు. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ ఇందులో సీత. కళ్లతోనే ఎంతో చెప్పగల నటి. ఆమెకు దక్కినవి నాలుగైదు చూపులు, కొద్ది మాటలు. ఆమె పాత్ర గురించి కథకే ఆసక్తి లేనట్టుంది. తల్లి జ్ఞాపకాలు కూడా అవే దృశ్యాలుగా మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రతిసారీ అవి హీరో కోపానికి నిప్పు రాజేయడానికే వస్తాయి తప్ప ఆ తల్లి గురించి కొత్తగా ఏమీ చెప్పవు.

ఈ తప్పు ఒక్క సినిమాది కాదు. తల్లి, చెల్లి, భార్య చనిపోతేనో, అత్యాచారానికి గురైతేనో తప్ప హీరోకు కోపం రాని కథలు మన దగ్గర ఎన్నో. ‘పణి’లో భార్య గౌరిగా అభినయ నటించింది. ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లో అన్నదమ్ముల చెల్లెలిగా ఆమె మనకు బాగా తెలుసు. ‘పణి’లో ఆమె మీద జరిగే అఘాయిత్యాన్ని చిత్రీకరించిన తీరును కేరళలో కొందరు గట్టిగానే విమర్శించారు. ఆ విమర్శ సరైనదే. అంత ఘోరం జరిగాక ఆమె మనసులో ఏముందో అడిగే తీరిక సినిమాకు లేదు. కథ భర్త వెంట వెళ్లిపోతుంది. కానీ ఆ సినిమాలోనే జోజు దర్శకుడిగా ఒక సాహసం చేశాడు. హత్యలు చేసే ఇద్దరు కుర్రాళ్లకు, అంటే సాగర్ సూర్య, జునైజ్ నటించిన పాత్రలకు, బోలెడంత సమయం ఇచ్చాడు. భయమూ పశ్చాత్తాపమూ లేని వాళ్ల నవ్వు చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. తను మాత్రం చాలాసేపు తక్కువ మాటలతో పక్కన నిలబడ్డాడు.

పక్కన నిలబడటం సెట్‌లో ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. అన్నపూర్ణ స్టూడియోస్‌లోనో, రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన మార్కెట్ సెట్‌లోనో ఒక ఫైట్ తీస్తున్నారనుకోండి. కృష్ణానగర్ నుంచి పొద్దున్నే వచ్చిన ఫైటర్లు మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉంటారు. ఒకరికి నడుము దగ్గర రోప్ బిగించారు. నేల మీద పరుపులు పరిచారు. మామూలుగా హీరో కొడతాడు, దర్శకుడు మానిటర్ ముందు కూర్చుని చూస్తాడు. ఇద్దరూ ఒకరే అయితే కో-డైరెక్టర్ కట్ చెప్పాలి. హీరో చెమట తుడుచుకుంటూ మానిటర్ దగ్గరికి వచ్చి ప్లేబ్యాక్, అంటే అప్పుడే తీసిన షాట్, చూడాలి. ఈలోగా రోప్‌కు వేలాడుతున్న మనిషిని కిందికి దింపాలి. బయట తీస్తుంటే వెలుతురు మారిపోతుంది. ప్రతి షాట్‌కూ ఇదే తంతు. రోజు చివరికి అనుకున్న షాట్లలో కొన్ని మిగిలిపోతాయి.

అంతకంటే పెద్ద నష్టం ఆ ప్లేబ్యాక్‌లోనే ఉంది. మానిటర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చిన నటుడి కళ్లు ముందుగా వెతికేది తన ముఖాన్నే. తన కాలు ఎంత ఎత్తుకు లేచింది, తన చూపులో కసి కనిపించిందా అనే చూస్తాడు. కానీ ఫైట్ మాస్టర్లకు తెలిసిన సంగతి వేరు. దెబ్బకు బలం కొట్టినవాడి వల్ల రాదు, తిన్నవాడి వల్ల వస్తుంది. ఫైటర్ మెడ సరైన క్షణంలో తిరగకపోతే, ఒళ్లు సరైన తీరులో కూలిపోకపోతే ఎంత పెద్ద హీరో కొట్టినా అది గాలిలో ఊపిన చెయ్యే. పగ కథదీ ఇదే సూత్రం.

ఈ సూత్రాన్ని చివరిదాకా లాక్కెళ్లిన సినిమా తెలుగులోనే ఉంది. 2012లో రాజమౌళి తీసిన ‘ఈగ’లో నాని పాత్ర ఇంటర్వెల్‌కు చాలా ముందే చనిపోతుంది. పగ తీర్చుకునేది మాట రాని ఒక పురుగు. సినిమా మొత్తాన్ని విలన్‌గా చేసిన సుదీప్ భయం, నిద్రలేమి, చిరాకు మోశాయి. తెర మీద హీరో ముఖమే లేకుండా ఇంత గొప్ప ప్రతీకార చిత్రం సాధ్యమైంది. హీరోయే దర్శకుడైతే ఇలాంటి కథను ఒప్పుకుంటాడా? ఒప్పుకునే నటుడు వస్తే మాత్రం చూడాలని నాకు ఎంతో కోరిక.

మరో దారి ఎన్టీఆర్ చూపించారు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’కు ఆయనే దర్శకుడు. హైదరాబాద్‌లో తాను నెలకొల్పిన రామకృష్ణా స్టూడియోలో తీశారు. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే. తనకు తాను వాటా తగ్గించుకున్నారని ఎవరూ అనలేరు. కానీ దర్శకుడిగా ఆయన చేసిన పని గమనించాలి. మనం చిన్నప్పటి నుంచి దుర్మార్గుడని విన్న దుర్యోధనుడికి ఒక యుగళగీతం ఇచ్చారు, కొండవీటి వెంకటకవి మాటల్లో పౌరుషం ఇచ్చారు. మయసభలో అతనికి జరిగిన పరాభవాన్ని అతని పక్షాన నిలబడి చూపించారు. పగ ఎక్కడ పుట్టిందో లోపలి నుంచి తెలిసింది కాబట్టే ఓడిపోయేవాడి కోసం హాలులో జనం కళ్లు తుడుచుకున్నారు.

ఈ తరంలో విశ్వక్ సేన్ 2019లో దర్శకుడిగా తీసిన తొలి సినిమా ‘ఫలక్‌నుమా దాస్’ మలయాళ ‘అంగమాలి డైరీస్’కు రీమేక్. రీమేక్ అయినా పాతబస్తీ గల్లీలను, అక్కడి మాటను, మాంసం వ్యాపారం చుట్టూ తిరిగే కుర్రాళ్ల స్నేహాన్ని దగ్గరగా పట్టుకుంది. కథ ఒక్కడిది కాకుండా ఒక జట్టుది కావడం దానికి కలిసొచ్చింది. బాంబులు చేతుల్లోకి వచ్చాక కుర్రాళ్ల ముఖాల్లో కనిపించే బెదురు ఏ స్లో మోషన్ నడకకంటే నాకు ఎక్కువ గుర్తుంది.

కాబట్టి ఫిల్మ్‌నగర్‌లో రేపు ఒక నటుడు తన పగ కథతో నిర్మాత ముందు కూర్చుంటే బడ్జెట్ కంటే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. హీరో లేకుండా నడిచే సన్నివేశాలు కథలో ఎన్ని? చనిపోయే మనిషి చనిపోకముందు ఏం కోరుకుంది? ఫైట్ మాస్టర్ ముందుగానే ఫైటర్లతో ఫోనులో మొత్తం ఫైట్ తీసి చూపించే పద్ధతి ఇప్పుడు ఉంది. దాన్ని హీరో తన డూప్‌ను పెట్టి, తను బయట నిలబడి చూశాడా? ఇక కూర్పు గదిలో, హీరోకు ఎంతో ఇష్టమైన షాట్‌ను తీసేద్దామని చెప్పగల ఎడిటర్ ఉండాలి. అతని పారితోషికం హీరో సొంత బ్యానర్ నుంచి రాకూడదు.