చూపుకి ఒక్కటే, క్రోమోజోముల్లో వేరు: రాక్ వాలబీల కథ

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, రాక్‌హాంప్టన్ దగ్గర్నుంచి కేప్ యార్క్ దాకా బండరాళ్ల గుట్టల మీద గెంతుతూ తిరిగే, చూడ్డానికి ఒకేలా ఉండే రాక్ వాలబీలు (కంగారూలకి చిన్న చుట్టాలు) ఆరు జాతులు. జాతికొకటి చొప్పున తెచ్చి వరసగా నిలబెడితే ఏది ఏదో చెప్పడం, వాటి మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి కూడా కష్టం. అలాంటప్పుడు ఆరు పేర్లెందుకు, అంతా ఒకే జాతి అనుకుంటే పోలేదా అని చాలామంది అడుగుతారు. పోదు. ఎందుకో వాటి కణాల్లోకి చూస్తే తెలుస్తుంది.

చెవి అంచు నుంచి చిన్న చర్మం ముక్క తీసి, ల్యాబ్‌లో ఆ కణాలు పెంచి, అవి విడిపోతున్న సమయంలో ఆపి, రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద క్రోమోజోములు, అంటే జన్యువుల్ని మోసే డీఎన్‌ఏ పోగులు, లెక్కపెడతారు. రాక్ వాలబీల పూర్వీకులకి 22 ఉండేవి. గాడ్‌మన్ రాక్ వాలబీకి 20, కెయిర్న్స్ వెనక ఉన్న మరీబా ఊరి పేరు పెట్టుకున్న జాతికి 18. జన్యువులు పోయి లెక్క తగ్గిందని కాదు, రెండు క్రోమోజోములు అతుక్కుని ఒక్కటయ్యాయి, అంతే. ఇలాంటి తేడాల ఆధారంగానే శాస్త్రవేత్తలు మార్క్ ఎల్‌డ్రిడ్జ్, రాబర్ట్ క్లోజ్ 1992లో మరీబా, షర్మన్ రాక్ వాలబీలను కొత్త జాతులుగా ప్రకటించారు.

ఈ అతుకులే అసలు సంగతి. రెండు జాతులు కలిసి పిల్ల పుడితే, ఆ పిల్ల పెద్దయి వీర్యకణాలు తయారుచేసేటప్పుడు తల్లి నుంచి వచ్చిన ఒక పెద్ద క్రోమోజోము తండ్రి నుంచి వచ్చిన రెండు చిన్నవాటితో జత కుదుర్చుకోవాలి, అలాంటి జతలు ఒకటికి రెండైతే పని ఇంకా చిక్కుపడుతుంది. ఇలాంటి సంకర పిల్లల్లో మగవి చాలావరకు గొడ్డుబోతాయి. ఆడవాటికి మాత్రం కొన్నిసార్లు పిల్లలు పుడతాయి. అందుకే పేర్ల విషయంలో నేను ఎల్‌డ్రిడ్జ్ పక్షమే. అన్నీ ఒకటేలే అని ఒక గుట్ట మీదివి తెచ్చి ఇంకో గుట్ట మీద వదిలితే, కాపాడుతున్నాం అనుకుంటూ మనమే వాటి సంతానానికి గండి కొట్టినట్టు.

అలాగని డీఎన్‌ఏ అనగానే కళ్లు మూసుకుని నమ్మడం కూడా తప్పే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది, ఆడ సంకరాలు పిల్లల్ని కంటాయి కాబట్టి అది సరిహద్దు దాటి పక్క జాతిలోకి పాకిపోతుంది. గాడ్‌మన్, మరీబా జాతులు కలిసే చోట జరిగింది ఇదే. మన హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ (అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల పరిరక్షణ ల్యాబ్) ఉంది కదా, అక్కడ వేటగాళ్ల దగ్గర పట్టుబడ్డ మాంసం ఏ జంతువుదో తేల్చడానికి ఈ మైటోకాండ్రియా డీఎన్‌ఏ బాగా పనికొస్తుంది, ఎందుకంటే అది చుక్కల దుప్పా మేకా అన్నది దూరపు చుట్టాల మధ్య తేడా. రాక్ వాలబీల్లాంటి అక్కాచెల్లెళ్ల దగ్గర ఆ ఒక్కటే చూస్తే బోల్తా పడతాం. క్రోమోజోములు, కణ కేంద్రకంలోని డీఎన్‌ఏ, దొరికిన చోటు, అన్నీ కలిపి చూడాలి.

కొత్త పేరు పెట్టాల్సిన అవసరం లేని చోట కూడా ఈ పని విలువ తగ్గదు. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం ప్రధాన భూభాగంలో టామర్ వాలబీలు (వాలబీల్లో ఇంకో జాతి) అంతరించిపోయాయి, పక్కనే కంగారూ ఐలాండ్‌లో అదే జాతి ఉన్నా వాటి వంశం వేరు. అయితే 19వ శతాబ్దంలో న్యూజిలాండ్ గవర్నర్‌గా పనిచేసిన జార్జ్ గ్రే అక్కడి కవావు దీవికి కొన్ని టామర్లను తీసుకెళ్లాడు. అవి పెరిగిపోయి అక్కడ పీడగా మారాయి, వాటిని నిర్మూలించే ప్రయత్నాలు కూడా నడిచాయి. వాటి డీఎన్‌ఏ చూస్తే, పోయిందనుకున్న ప్రధాన భూభాగం వంశం అదే అని తేలింది. 2003లో వాటిలో కొన్నింటిని పట్టి ఆస్ట్రేలియాకు తెచ్చారు. మరుసటి ఏడాది ఆ వంశం మళ్లీ దక్షిణ ఆస్ట్రేలియాలో, (పైన చెప్పిన కేప్ యార్క్ కాదు) యార్క్ ద్వీపకల్పంలోని ఇన్స్ నేషనల్ పార్క్ పొదల్లో అడుగుపెట్టింది.