గంటలు తక్కువైతే పడవ మంచిదైపోతుందా?

మా తోడల్లుడు గారు నన్నొక్క మాటైనా అడగకుండా ఈ రోజు పొద్దున వెళ్లి పడవకు అయిదు వందల డాలర్లు బయానా ఇచ్చి వచ్చారు. ఆ శుభవార్తను మధ్యాహ్నం భోజనాల దగ్గర, చారు పోసుకుంటూ, అందులో ఉప్పు సరిపోయిందన్నంత తేలిగ్గా చెప్పారు. సగం డబ్బు నాది కాబట్టి నాకు ముద్ద దిగలేదు.

డల్లాస్‌లో ఉండే మా రెండు కుటుంబాలూ కలిసి లూయిస్‌విల్ లేక్‌లో తిరగడానికి ముందు భాగం వెడల్పుగా, పదిమందీ కూర్చునేలా ఉండే ఒక పాత డెక్ బోటు కొనాలని నెల రోజులుగా వెతికితే చివరికి రెండు మిగిలాయి. రెండూ 2015వే, రెండూ 22 అడుగులవే, రెండింటికీ వెనుక, బయటివైపు బిగించిన 150 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డు ఇంజినే. ఒకటి 90 గంటలు నడిచింది, రెండోది 410 గంటలు. పైగా మొదటిది పదిహేను వందల డాలర్లు తక్కువ. "రెండూ ఒకటే కదా తమ్ముడూ, తక్కువ తిరిగినదే తక్కువకు వస్తుంటే ఇంకా ఆలోచనెందుకు?" అన్నది అన్నయ్యగారి తీర్పు.

పదేళ్లలో 90 గంటలంటే ఏడాదికి తొమ్మిది గంటలు. మిగతా కాలమంతా అది పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉందన్నమాట. ఇథనాల్ కలిసిన పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంటే పాడవుతుందని, ఇంజినును చల్లబరచడానికి నీళ్లు తోడే పంపులోని రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, కదలక మెదలక గట్టిపడుతుందని చెప్పబోతే, మనం కొనేది ఇంజినా, రబ్బరా అని నవ్వారు.

పోయిన శనివారం నేను ఆ పడవ వెనుక మోకాళ్ల మీద కూర్చొని, ఇంజిను కింది గేరు భాగానికి అడుగున ఉండే స్క్రూను కాస్త వదులు చేసి చూశాను. శుభ్రమైన గేర్ ఆయిల్ రావలసిన చోట, పాలు ఎక్కువైన టీ రంగులో చిక్కటి చుక్క ఒకటి నా వేలి మీద పడింది. అంటే సీలు పోయి లోపలికి నీళ్లు చేరుతున్నాయి. నిచ్చెన పక్కన కాలు మోపితే ఫ్లోరు నానిన అట్టలా దిగింది. ట్రైలర్ టైరు మీద తేదీ అంకె 1415, అంటే 2015లో పద్నాలుగో వారం. టైర్లకూ పదేళ్లు నిండాయి. లేక్‌లో నడిపి చూపించమని అడిగితే, ఇంటి ముందే నీళ్ల గొట్టం తగిలించి రెండు నిమిషాలు ఇంజిను తిప్పి, ఇంకేం కావాలన్నట్టు చూశారు అమ్మేవారు. టెక్సస్‌లో పడవకు ఒక టైటిలు (యాజమాన్య పత్రం), అవుట్‌బోర్డు ఇంజినుకు విడిగా మరొక టైటిలు ఉంటాయి కదా, ఆ రెండోదాన్ని తర్వాత పోస్టులో పంపిస్తారట! ఇదంతా ఓపిగ్గా విన్నాక అన్నయ్యగారు, "సీట్లు చూశావా, ఎంత తెల్లగా ఉన్నాయో!" అన్నారు.

రెండో పడవ సీట్లు ఎండకు వెలిసి, కుట్ల దగ్గర పగిలిన మాట నిజమే. అయితే దాని యజమాని వంద గంటలకొకసారి నూనెలు మార్పించిన రసీదులన్నీ ఒక ఫైలులో దాచి ఉంచారు, ఇంపెల్లర్ రెండుసార్లు మార్పించారు, తానే మమ్మల్ని లేక్‌కు తీసుకెళ్లి ఇంజినును 5,600 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాకా పరుగెత్తించి చూపించారు. బాగా చూసుకుంటే వెయ్యి గంటలు దాటి నడిచే ఇంజినుకు 410 ఒక లెక్కా?

అయినా ఈయనగారికి అంకె తక్కువుంటే చాలునన్న సంగతి నాకు 2016లోనే తెలిసి ఉండవలసింది. ముసలాయన ఎక్కువ తిప్పలేదంటూ, 38 వేల మైళ్లే తిరిగిందంటూ, అప్పట్లో నాచేత ఒక పాత వ్యాను కొనిపించారు. ఇంజినులోని భాగాలను లయ తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్టును మైళ్లను బట్టే కాదు, ఏళ్లను బట్టి కూడా మార్చాలన్న విషయం జూలై ఎండలో వేకో దగ్గర అది తెగిన తర్వాత మెకానిక్ చెబితే తెలిసింది. నాలుగు గంటల పాటు, పిల్లలతో, పులిహోర డబ్బాతో, ఐ-35 హైవే పక్కన నిలబడ్డాం. ఆ రోజు ఈయన తమ ఇంట్లో ఏసీలో కూర్చొని ఫోన్లో, "దాని జాతకం అంతే తమ్ముడూ" అన్నారు.

410 గంటల పడవ నిన్న సాయంత్రమే వేరెవరికో అమ్ముడుపోయిందట. నా వంతు డబ్బు శుక్రవారంలోగా పంపమని, పడవతో పాటు దాని మీద కప్పే కవరు ఉచితంగా ఇస్తున్నారని ఇప్పుడే అన్నయ్యగారి నుంచి మెసేజ్ వచ్చింది. గేర్ ఆయిల్ సంగతేమిటని తిరిగి అడిగాను. బొటనవేలి బొమ్మ పంపారు.