గ్యాస్ కట్టేశావా అని పదకొండోసారి అడిగితే ఏం చెప్పాలి?

మా పిన్ని ఊరెళ్లాలంటే గంట ముందు నుంచే ఇంట్లో అందరికీ టెన్షన్. రెగ్యులేటర్ ఆఫ్ చేసేది, చెయ్యి పెట్టి చూసేది, తాళం వేసి ఆటో ఎక్కాక మళ్లీ దిగి వెనక్కి పరిగెత్తేది. బాబాయి విసిగిపోయి రెగ్యులేటర్ ఫోటో తీసి ఫోన్లో చూపించడం మొదలుపెట్టాడు, అది రెండ్రోజులు పనిచేసింది, మూడో రోజు "ఇది ఇవాళ్టి ఫోటోయేనా?" అంది.

మన ఇళ్లలో దీనికి పేర్లకేం కొదవ లేదు. చాదస్తం, అతిశుభ్రం, మడి పిచ్చి, అనుమానం రోగం. పేరు దొరికేసింది కాబట్టి డాక్టర్‌తో పనేముంది అనుకుంటాం, ఇంకోపక్క బీరువా నీట్‌గా సర్దుకునే ప్రతివాళ్లూ "నాకు కొంచెం ఓసీడీ అండీ" అని గొప్పగా చెప్పుకుంటారు. ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తగ్గించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు. అది నిజంగా ఉన్నవాళ్లకి అందులో సరదా ఏమీ ఉండదు. గ్యాస్ కట్టేసిందని పిన్నికి తెలుసు, తెలిసీ ఆగలేకపోయేది, అదే జబ్బు.

పైగా కడగడం, చెక్ చేసుకోవడం కనీసం బయటికి కనిపిస్తాయి. దీపం పెడుతుంటే దేవుడి మీదే బూతులు మనసులోకి రావడం, పసిబిడ్డని ఎత్తుకుంటే కింద పడేస్తానేమో అని వణికిపోవడం, ఇవి కూడా ఓసీడీయే, కానీ ఎవరితో చెప్పుకుంటారు? పాపం చేశామనుకుని మొక్కులు పెంచుకుంటూ పోతారు. ఆ ఆలోచన అంటేనే అసహ్యం కాబట్టి అంత భయం, ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్తే ఎంతమంది ఊపిరి పీల్చుకునేవాళ్లో.

మందులున్నాయి. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ లాంటివి. డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే డోసు తరచుగా ఎక్కువ కావాలి, గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, మనవాళ్లేమో రెండో వారంలో కడుపులో తిప్పుతోందని ఆపేస్తారు, పిన్నీ అదే చేసింది. అవి నిద్రమాత్రలు, అలవాటైపోతాయని పక్కింటావిడ చెప్పిందట! మొదట చూపించిన డాక్టర్ అయితే చీటీ రాసి పంపేశాడు, థెరపీ అనే మాటే ఎత్తలేదు.

ఆ థెరపీని ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అంటారు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ చూపించిన దారి ఇది. భయపెట్టేదాని ఎదురుగా నిలబడాలి, కానీ చెక్ చేయకూడదు, కడగకూడదు, గుండె దడదడలాడినా సరే ఆగితే ఆ దడ దానంతటదే దిగుతుంది, లేదా దడతోనే ఉండొచ్చని అర్థమవుతుంది. చిన్న భయాలతో మొదలుపెట్టి పైకి వెళ్తారు.

నాకు మింగుడుపడనిది ఇంట్లోవాళ్లని చేయమన్న పని. అడిగినప్పుడల్లా "కట్టేశావులే" అని మేం చెప్పిన ప్రతి జవాబూ ఆ జబ్బుకి పెట్టిన మేతేనట, బాబాయి ఫోటోలతో సహా. ప్రేమతో చేసిందే కదా, ఎలా మానేస్తాం? మన ఇళ్లలో ఏడుస్తున్న మనిషికి జవాబు చెప్పకపోవడం అంటే రాతిగుండె కిందే లెక్క. అందుకే ముందు పిన్నితో కూర్చుని మాట్లాడుకుని, ఆమె ఒప్పుకున్నాకే, రోజుకి ఒక్కో జవాబు తగ్గించుకుంటూ వచ్చాం. తిట్టి ఆపించడం వేరు, ఇది వేరు.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేకంగా క్లినిక్ ఉంది, మన జిల్లాల్లో మాత్రం ఈఆర్‌పీ తెలిసిన సైకాలజిస్ట్‌ని వెతుక్కోవడమే పెద్ద పని. ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోతే 2022లో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ.

మొన్న పిన్ని విజయవాడలో తిరుపతి రైలెక్కింది. తెనాలి దాటకముందే బాబాయికి మెసేజ్: "గ్యాస్?" ఆయన ఫోన్ బోర్లా పెట్టి హాల్లో అటూ ఇటూ తిరిగాడు, పాపం ఆయనకే చెమటలు. బాపట్లలో ఇంకో మెసేజ్, చీరాలలో ఏమీ లేదు. ఒంగోలులో వచ్చింది, "టీ తాగుతున్నా, అస్సలు బాలేదు."